చిటికెన వేలు

ఓడ ఎక్కలేదు నేనెప్పుడూ.
అయినా నా ఎడమ చెయ్యి పోర్టు,
కుడి చెయ్యి స్టార్‌బోర్డు.
సీమపనసకాయ కాలిందా అని అడగడానికి
"అంతా సిద్ధమేనా?" అని అరిచేవాడు నాన్న.
ఆయన భాషలో నాకొచ్చినవన్నీ ఆజ్ఞలే:
లాగు, వదులు, బిగించు, పట్టుకో.
బుజ్జగించడానికి మాత్రం
అమ్మ దగ్గర మాటలు అప్పు తెచ్చుకునేవాడు,
నోరు తిరగక సగం మింగేసేవాడు.

నేను పుట్టకముందే ఓడను తగలబెట్టారు.
ఎందుకని అడిగితే, చలికి, అన్నాడు.
మా దీవిలో చలి ఉండదు.
ఆటు వేళ పిల్లలం మునిగి
బొగ్గయిన దూలాల సందుల్లో
రాగి మేకులు ఏరేవాళ్ళం.
ఎక్కువసేపు ఊపిరి పట్టినవాళ్ళకి పెద్ద మేకు.

మాకు నేర్పిన మొదటి ఆట ఇది:
తెరచాప కనబడితే
పొయ్యి మీద మట్టి, కుక్క మూతి మీద చెయ్యి,
పొదల్లో బోర్లా పడుకోవాలి.
కదలనివాళ్ళది గెలుపు.
నేనే గెలిచేదాన్ని.
ఏళ్ళ తరబడి వచ్చినవి మబ్బులే,
ఒక్కసారి తిమింగలం.
దానికీ దాక్కున్నాం.
ఆ రోజు నవ్వాపుకోలేక
అమ్మ చీర కొంగు లేని మనిషి కదా,
గడ్డిని కొరికింది.

అమ్మ అంత నవ్విన రోజు మరొకటి తెలీదు నాకు.
"ఓడ చూద్దువు రమ్మన్నారు.
చూస్తుండగానే లంగరు లేపారు."
తన కథంతా ఈ రెండు ముక్కలే.
మిగతాది బెరడు గుడ్డ మీద
కర్రతో చెప్పేది, టక్ టక్ టక్,
కొన్ని సాయంత్రాలు గుడ్డ చిరిగేదాకా.

పక్షి గుడ్ల కోసం కొండ అంచున దిగుతుంటే
తాడు తెగి పోయాడు నాన్న.
చెట్టుకు ఆయన వేసిన ముడి
ఇప్పటికీ ఊడలేదు.

నాకు పంతొమ్మిదో ఇరవయ్యో.
(రోజుకొక గాటు పెట్టేవాడు దూలం మీద,
తాగిన రోజులకు గాట్లు లేవు.)
నిజం తెరచాప వచ్చింది.
పొయ్యి ఆర్పాల్సింది, ఆర్పలేదు.
ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.
అప్పుడే చేప వేశాను, బహుశా అందుకే.

రాళ్ళ మీద నిలబడి
"తాడు విసరండి! బిగించండి!" అన్నాను.
పడవలో మనుషులు తెడ్లు వదిలేశారు,
చచ్చినవాడు పిలిచినట్టు.

నీలం కోటాయన కాగితం విప్పాడు.
తొమ్మిది పేర్లు, వయసులు, ఒంటి మీద గుర్తులు.
మెడ మీద గాటున్నవాడా?
అదిగో, ఆ చిలగడదుంపల కింద.
పచ్చబొట్టు పిచ్చుకవాడా?
సముద్రంలో. మిగతావాళ్ళు, అటు, వరసగా.
కాగితంలో అమ్మ పేరు లేదు.
ఆమెను ఎవరూ పోగొట్టుకోలేదట.

మా నాన్న పేరూ లేదు.
అమోస్ వీల్ అని చెప్పాను, రెండుసార్లు.
అలాంటివాడు ఆ ఓడ ఎక్కనే లేదన్నాడు.
నా పేరు వెనక ఇన్నాళ్ళూ నడిచినవాడు
ఎవరూ కాడు.

చివరి పేరు మిగిలింది.
జోరీ పెన్‌హేల్. తెరచాపలు కుట్టేవాడు.
రాగి జుట్టు.
ఎడమ చిటికెన వేలు
పుట్టుకతోనే లోపలికి వంకర.
తిరుగుబాటు నాటికి వయసు పంతొమ్మిది.

పంతొమ్మిది.
నాకన్నా పెద్దవాడు కాడు.
అతని చేతికి తాడు ఇచ్చినవాళ్ళెవరో,
కత్తి ఇచ్చినవాళ్ళెవరో,
రాత్రి పూట ఎవరు పేరు మార్చుకోమన్నారో.

"ఇతనెక్కడ?"

నా పోర్టు చెయ్యి
అప్పటికే వీపు వెనక ఉంది.
అలాంటి పేరు వినలేదన్నాను.
అబద్ధం కాదది.

ఆయన ఏదో రాసుకుని కాగితం మడిచాడు.
చేప మాడింది.
అయినా కూర్చుని తిన్నాడు పాపం,
ఒంటి చేత్తోనే వడ్డించాను.